పేగు మొరాయించినప్పుడు

మా అబ్బాయికి ఆరో నెల వచ్చిన వారంలో, ఒక శనివారం పొద్దున్నే రాజమండ్రి నుంచి మా అమ్మ ఫోన్ చేసింది. "ఏరా, అన్నప్రాసన సంగతి ఏం చేశారు? మగపిల్లాడికి సరి నెలలో చెయ్యాలి. పంతులు గారితో మంచిరోజు చూపించనా?" అంది.

"చూద్దాంలే అమ్మా" అని మాట మార్చేశాను. వాడికి కడుపులో ఆపరేషన్ అయిందని అమ్మకి తెలుసు. పాలు బాగానే తాగుతున్నాడని మాత్రం నేను అబద్ధం చెప్పాను. నిజానికి వాడి నోట్లోంచి ఒక్క చెంచాడు పాలు కూడా లోపలికి సరిగ్గా వెళ్ళడం లేదు. వాడి ఆహారమంతా ఒక ప్లాస్టిక్ సంచిలోంచి, ఛాతీ దగ్గర చర్మం కిందుగా దూర్చిన సన్నటి గొట్టం ద్వారా, సరాసరి రక్తంలోకి పోతోంది. పిల్లాడికి నోటితో అన్నం పెట్టడం లేదని గోదావరి జిల్లా అమ్మమ్మలకీ నాయనమ్మలకీ ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. ఇంజనీరింగ్‌లో ఆ పాఠం లేదు.

వాడు 2012లో పుట్టాడు, పన్నెండు వారాల ముందుగా. మూడో వారంలో పొట్ట ఉబ్బింది. నెలలు నిండని పిల్లలకి పేగు గోడలు కుళ్ళిపోయే జబ్బు ఒకటి వస్తుంది. పాడైన భాగం తీసెయ్యడం తప్ప మార్గం లేదన్నారు. తీసేశాక చిన్నపేగు ముప్ఫై రెండు సెంటీమీటర్లు మిగిలింది. సర్జన్ ఆ అంకె చెప్పినప్పుడు నేను నా చేతికేసి చూసుకున్నాను. మోచేతి నుంచి మణికట్టు దాటి కొంచెం, అంతే.

పెద్దవాళ్ళలో చిన్నపేగు పొడవు దాదాపు ఆరు మీటర్లు. లోపలి గోడ మీద వెల్వెట్ గుడ్డలాగా లక్షల కొద్దీ సన్నటి వేళ్ళ వంటి పొరలుంటాయి. మనం తిన్న పప్పన్నం అణువులుగా విడిపోయి ఆ వేళ్ళ గుండానే రక్తంలో కలుస్తుంది. పోషకాలూ నీళ్ళూ లవణాలూ మనిషి బతకడానికి చాలినంత లోపలికి రాకపోతే దాన్ని 'ఇంటెస్టినల్ ఫెయిల్యూర్' అంటున్నారు. ఈ పేరు డాక్టర్ల వాడుకలోకి 1981 ప్రాంతంలో వచ్చింది. కిడ్నీ ఫెయిల్యూర్, హార్ట్ ఫెయిల్యూర్ అంటే ఎవరికైనా అర్థమవుతుంది కానీ పేగు ఫెయిలయిందంటే మన పార్టీల్లో "ఏం తిన్నాడేంటి?" అని అడుగుతారు. పేగు ఉండీ పనిచెయ్యకపోవచ్చు, అసలు పేగే లేకపోవచ్చు. ఈ రెండింటికీ మందు వేరు, చరిత్ర వేరు. రెండు చరిత్రలూ ఎక్కువ భాగం ఈ దేశంలోనే, మా ఇంటికి మూడు గంటల ప్రయాణంలోపే జరిగాయి. అందులో మొదటిది మన తెలుగువాడిది. అది నాకు ఎలా తెలిసిందో చెబుతాను.

అయిదో నెలలో పిల్లాణ్ణి ఇంటికి పంపుతూ మాకు శిక్షణ ఇచ్చారు. ప్రతి సాయంత్రం ఫ్రిజ్‌లోంచి సంచి తియ్యాలి. అందులో చక్కెర, అమైనో ఆమ్లాలు, ఉప్పులు నీళ్ళలాగా తేటగా ఉంటాయి. విటమిన్లు మాత్రం ముందే కలిపితే పాడవుతాయి కనక, తగిలించే ముందు చిన్న సీసాలోంచి సిరంజితో లాగి మేమే కలపాలి. కలపగానే సంచి మొత్తం పసుపుపచ్చగా మారిపోతుంది. ఆ రంగు రైబోఫ్లేవిన్‌ది. మొదటి వారం చేతులు వణికేవి. తరవాత అలవాటై, ఒక రాత్రి ఆ సీసా మీద చీమల్లాంటి అక్షరాలు చదువుతూ కూర్చున్నాను. థయమిన్, నియాసినమైడ్, బయోటిన్, సయనోకోబాలమిన్, ఫోలిక్ ఆసిడ్.

ఫోలిక్ ఆసిడ్ దగ్గర ఆగాను. చిన్నప్పుడు క్విజ్ పోటీల కోసం బట్టీ పట్టిన ఒక వాక్యం గుర్తొచ్చింది. ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసిన బృందానికి నాయకుడు, భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ఒక మార్కు. అంతకుమించి నాకేమీ తెలియదు. ఆ రాత్రి వెతకడం మొదలుపెట్టాను. పంపు పన్నెండు గంటలు తిరుగుతుంది, మనం ఎలాగూ నిద్రపోం.

సుబ్బారావు గారు 1895లో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గట్టెక్కి, మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీ గారి పిలుపు విని ఆపరేషన్ గదిలోకి ఖద్దరు వేసుకుని వెళ్ళినందుకు సర్జరీ ప్రొఫెసర్‌కి కోపం వచ్చి, చివరికి ఆయనకి ఎంబీబీఎస్ బదులు ఎల్.ఎం.ఎస్. అనే చిన్న డిగ్రీ దక్కింది. ఇవన్నీ మనవాళ్ళు వ్యాసాల్లో రాస్తూనే ఉంటారు. నన్ను పట్టేసింది వేరే సంగతి. ఆయన అన్నగారు పురుషోత్తం చనిపోయింది స్ప్రూ అనే జబ్బుతో. మరో సోదరుడూ కొద్దిరోజుల తేడాలోనే పోయాడని, సుబ్బారావు గారికి కూడా ఆ జబ్బే సోకితే ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారి మందుతో బతికి బయటపడ్డారని జీవితచరిత్ర రాసినవారు చెబుతారు.

స్ప్రూ అంటే పేగు మొరాయించడమే. నోరు పూస్తుంది, నాలుక ఎర్రగా నున్నగా అయిపోతుంది, నురుగుతో పాలిపోయిన విరేచనాలు అవుతాయి, తిన్నది తిన్నట్టే పోతుంది. మనిషి ఎండి పుల్లయి, రక్తం పలచబడి, నెలల మీద కృశించి పోతాడు. మన వైద్యంలో దీనికి దగ్గరి పేరు గ్రహణి. పట్టుకునేది, గ్రహించేది అని అర్థం. అంటే తిన్నదాన్ని పట్టి ఉంచే చోటు పట్టు తప్పడమన్నమాట. జబ్బు స్వభావం పేరులోనే చెప్పేశారు. చలవ మజ్జిగ మీద రోగిని నిలబెట్టడం దానికి పాత చికిత్స. ఇంగ్లీషు డాక్టర్లకి కూడా ఆ రోజుల్లో పాలు, పళ్ళు, విశ్రాంతి తప్ప చెప్పడానికేమీ లేదు. తెల్లదొరలకి వస్తే ఓడ ఎక్కించి ఇంటికి పంపేవారు. గోదావరి జిల్లా వాళ్ళు ఏ ఓడ ఎక్కాలి?

సుబ్బారావు గారు ఓడ ఎక్కారు, అయితే చదువు కోసం. మామగారు కొంత డబ్బు సమకూర్చారు, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ చారిటీస్ వారు సాయం చేస్తామన్నారు. నేను కాకినాడలో నాలుగేళ్ళు ఇంజనీరింగ్ చదువుతూ ఆ ఎమ్మెస్సెన్ చారిటీస్ బోర్డు ముందునుంచి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. ఒక్కసారీ తల తిప్పి చూడలేదు. 1920ల మొదట్లో ఆయన బోస్టన్‌లో దిగి, హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం చదివారు. పొట్టగడవడానికి హాస్పిటల్లో రాత్రిళ్ళు పోర్టరు పని చేశారు. తరవాత హార్వర్డ్ బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర చేరి, 1925లో రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్‌ని రంగు చూసి కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఫిస్కే-సుబ్బారో పద్ధతి అని దశాబ్దాల పాటు ప్రపంచంలో ప్రతి లేబరేటరీలో వాడారు. అదే కొలబద్ద పట్టుకుని 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ని, 1929లో ఏటీపీని బయటికి తీశారు. జర్మనీలో లోమన్ కూడా విడిగా అదే సంవత్సరం ఏటీపీని చేరుకున్నాడు. ఫాస్ఫరస్ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దానికి వస్తాను.

ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకి స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లో లెడర్లీ లేబరేటరీస్‌లో చేరి, త్వరలోనే పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. అక్కడికి వెళ్ళేటప్పటికే ఆయన ధ్యాసంతా కాలేయం మీద ఉంది. 1926లో బోస్టన్‌లోనే మైనాట్, మర్ఫీ అనే డాక్టర్లు రోగులకి కాలేయం తినిపించి ఒక ప్రాణాంతకమైన రక్తహీనతని అదుపు చేశారు. స్ప్రూ రోగులకి కూడా కాలేయం రసం కొంత పనిచేసింది. అందులో ఏముంది? మరోవైపు 1931లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ, బొంబాయి గర్భిణీ స్త్రీల రక్తహీనత ఈస్ట్ రసంతో తగ్గుతుందని చూపించింది. 1941లో టెక్సాస్‌లో ముగ్గురు శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూరని వడగట్టి, ఒక బాక్టీరియాకి కావలసిన పదార్థాన్ని కాస్తంత తీసి, ఆకులోది కనక ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. కాలేయం, ఈస్ట్, ఆకుకూర. ఈ మూడు దారులూ ఒకే ఊరికి పోతున్నాయని అప్పటికి గట్టిగా ఎవరికీ తెలియదు.

లెడర్లీ బృందం ఆ పదార్థాన్ని శుద్ధిచేసి, విడగొట్టి, 1945లో ప్రయోగశాలలో తయారుచేసింది. ఆ ఏడాది ఆగస్టు చివర 'సైన్స్' పత్రికలో వచ్చిన చిన్న నివేదిక మీద పదహారు పేర్లున్నాయి, సుబ్బారావు గారిది మధ్యలో ఎక్కడో ఉంటుంది. ఇక కాలేయం కోసం కబేళాల చుట్టూ తిరగనక్కరలేదు. అలబామాలో టామ్ స్పైస్ అనే డాక్టరు దాన్ని రోగులకిచ్చి, క్యూబాలో స్ప్రూ రోగుల మీద కూడా పరీక్షించాడు. కొద్దిరోజుల్లోనే రక్తకణాలు పుట్టుకొచ్చాయి, నాలుక మానింది, ఆకలి వేసింది.

దీని వెనక సంగతి నాలాంటి ప్రోగ్రామర్‌కి ఇట్టే అర్థమవుతుంది. పేగు లోపలి పొర మూడు నుంచి అయిదు రోజులకోసారి కొత్తగా పుడుతుంది. కొత్త కణం పుట్టాలంటే డీఎన్ఏ కావాలి, డీఎన్ఏకి ఫోలేటు కావాలి. ఫోలేటు లోపలికి రావాలంటే పేగు పొర బాగుండాలి. అంటే అది నడవడానికి ఇది కావాలి, ఇది నడవడానికి అది కావాలి. మా భాషలో డెడ్‌లాక్. బయటినుంచి ఒకరు వచ్చి ఒక కొస లాగితే తప్ప ఊడదు. ఆ మాత్ర చేసింది అదే.

అయితే కథ అక్కడ పూర్తికాలేదు. రక్తం బాగుపడినా చాలామందికి పేగు పూర్తిగా కుదురుకోలేదు. లోపల తిష్ఠవేసిన సూక్ష్మజీవుల పని కూడా చూడాలని క్రమంగా తేలింది. 1960లలో ప్యూర్టోరికోలో టెట్రాసైక్లిన్‌ని నెలల తరబడి ఇచ్చి మంచి ఫలితాలు చూశారు. అదే దశాబ్దంలో వెల్లూరు చుట్టుపక్కల పల్లెల్లో స్ప్రూ అంటువ్యాధిలా విరుచుకుపడితే, క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో బేకర్, మథాన్ అనే డాక్టర్లు ఊరూరూ తిరిగి దాన్ని అధ్యయనం చేశారు. ఇవాళ ఏ వైద్యగ్రంథం తెరిచినా ట్రాపికల్ స్ప్రూకి చికిత్స ఒక్క వాక్యమే. ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్, మూడు నుంచి ఆరు నెలలు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొట్టమొదటి మందు ఆరియోమైసిన్. మిస్సోరీ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి దాన్ని తీసినవాడు బెంజమిన్ డగ్గర్, లెడర్లీలో, సుబ్బారావు గారి పరిశోధన విభాగంలోనే. 1948 జూలైలో దాన్ని న్యూయార్క్‌లో ప్రకటించారు. మరుసటి నెలలోనే సుబ్బారావు గారు నిద్రలో పోయారు. యాభై మూడేళ్ళు.

అన్నని తీసుకుపోయిన జబ్బుకి మందులు రెండు, రెండూ తమ్ముడి ప్రయోగశాలలోవే. ఇది కావాలని చేసిన ప్రతిజ్ఞ అని మన సభల్లో వక్తలు అంటుంటారు. నాకు అంత నాటకీయంగా తోచదు. ఆయన వెతికిన వాటిలో ఇదొకటి. ఆ విభాగమే మా పశ్చిమ గోదావరిని కుంటించిన బోదకాలుకి హెట్రజాన్ ఇచ్చింది, ఫోలిక్ ఆమ్లాన్ని తిరగేసి పిల్లల ల్యూకేమియాకి అమినోప్టెరిన్ చేసిచ్చింది. ఆ రెండో దానితోనే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 1948లో కీమోథెరపీకి దారి తెరిచాడు. కానీ అన్న పోయిన సంగతి ఆయనకి రోజూ గుర్తుండదని మాత్రం నేననను. భార్య శేషగిరి గారిని మద్రాసులో వదిలి వచ్చాక ఆయన మళ్ళీ వెనక్కి వెళ్ళనే లేదు. భారతీయులకి ఈ దేశ పౌరసత్వానికి 1946లో గాని చట్టం ఒప్పుకోలేదు. పాతికేళ్ళుండి, పౌరుడు కాకుండానే పోయారు. గ్రీన్ కార్డు ఆలస్యమైందని సణుక్కునే నేను ఆ రాత్రి కాసేపు నోరు మూసుకున్నాను.

సరే, ఇది పేగు ఉండి పనిచెయ్యని కథ. మా వాడికి పేగే లేదు. మాత్ర వేసినా అది కరగడానికి చోటుండాలి కదా. వాడి కథ ఫిలడెల్ఫియాలో మొదలవుతుంది.

"సెలైన్ ఎక్కించండి, నీరసం తగ్గుతుంది" అని మన ఊళ్ళల్లో అంటారు. నేను కూడా అదే నమ్మేవాణ్ణి. లెక్క వేసి చూడండి. అయిదు శాతం గ్లూకోజు నీళ్ళు మూడు లీటర్లు ఎక్కిస్తే చక్కెర 150 గ్రాములు, దాదాపు 500 కేలరీలు. పెద్దవాళ్ళకి రోజుకి అందులో పావువంతుకి సరిపోతుంది, అందులోనూ మాంసకృత్తులు సున్నా. ఎక్కువ నీళ్ళు పోస్తే ఊపిరితిత్తులు మునుగుతాయి, ఎక్కువ చిక్కగా పోస్తే చేతి నరం కాలిపోతుంది. ఈ గోడకే తల కొట్టుకుని డాక్టర్లు వదిలేశారు. సిరల ద్వారా మనిషిని పూర్తిగా పోషించడం కాని పని అని పెద్దపెద్దవాళ్ళే తేల్చేశారు.

స్టాన్లీ డడ్రిక్ పెన్సిల్వేనియా బొగ్గుగనుల ప్రాంతం వాడు. 1961లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం ఆసుపత్రిలో కొత్తగా చేరినప్పుడు, ఆపరేషన్లు చక్కగా జరిగిన రోగులు కూడా కొందరు కళ్ళముందే పోయారు. తన తప్పేమో అని కుమిలిపోతుంటే, పెద్ద సర్జన్ జొనాథన్ రోడ్స్, వాళ్ళు చచ్చిపోయింది కోతవల్ల కాదు, తిండి లేక అని వివరించాడు. ఆ మాటమీద ఆ కుర్రాడు ఏళ్ళ తరబడి పనిచేశాడు. చేతి నరం వద్దు, గుండెకి చేరే మహాసిరలోకే గొట్టం పంపుదాం అన్నాడు. అక్కడ రక్తం ఎంత వేగంగా పారుతుందంటే చిక్కటి చక్కెర క్షణంలో పలచబడిపోతుంది. కాలువలో పోస్తే చేనుకి చేటయ్యే ఉప్పు గోదావరిలో పోస్తే తెలియనట్టు. ఆరు బీగిల్ కుక్కపిల్లలకి నోటితో ఏమీ పెట్టకుండా సిర ద్వారానే చక్కెర, మాంసకృత్తులు, కొవ్వు, లవణాలు, విటమిన్లు ఇచ్చాడు. కొన్నిటిని రెండువందల రోజులు దాటి అలాగే పెంచాడు. మామూలుగా తిండి తిన్న తోడబుట్టిన పిల్లలతో సమానంగా అవి పెరిగాయి. బతకడం కాదు, పెరగడం. ఆ మాటే ముఖ్యం. 1968లో ఇది అచ్చయింది.

అచ్చవడానికి ముందే, 1967 వేసవిలో, ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో దాదాపు చిన్నపేగు లేకుండా పుట్టిన ఒక ఆడపిల్ల మృత్యువుకి దగ్గర్లో ఉంది. కుక్కపిల్లల మీద తప్ప ఎవరిమీదా ఇంత కాలం వాడని పద్ధతి. డడ్రిక్, డగ్లస్ విల్మోర్ కలిసి ఆ పాపకి మొదలుపెట్టారు. ఎండిపోయిన పాప ఒళ్ళు చేసింది, తల పెరిగింది. దాదాపు ఇరవై రెండు నెలలు బతికింది. ఆ పాప తల్లిదండ్రుల గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. వాళ్ళ పిల్ల దక్కలేదు. ఆ పిల్లకి ఏ లవణం తక్కువైతే ఏమవుతుందో, ఎంత చక్కెర పడుతుందో రోజురోజూ రాసిన లెక్కలే మా ఫ్రిజ్‌లో సంచి.

ఆ లెక్కలు ఒక్కరోజులో కుదిరినవి కావు. ఇక్కడ ఫాస్ఫరస్ మళ్ళీ వస్తుంది. మొదట్లో కొన్నిచోట్ల ద్రావణంలో ఫాస్ఫేట్ కలపలేదు. 1970ల మొదట్లో అలాంటి రోగులకి కొద్దిరోజుల్లోనే తిమ్మిర్లు, కండరాల నీరసం వచ్చి ఊపిరి ఆగేదాకా పోయింది. బక్కచిక్కిన శరీరంలోకి ఒక్కసారి చక్కెర వచ్చిపడితే, దాన్ని వాడుకోవడానికి కణాలు ఉన్న ఫాస్ఫేటునంతా లాగేసుకుంటాయి. రక్తంలో అది అడుగంటుతుంది, ఏటీపీ తయారవదు. కడుపునిండా కేలరీలు పోస్తూ మనిషిని శక్తి లేక పడగొట్టడమన్నమాట. అప్పటినుంచీ ఫాస్ఫరస్ కొలవకుండా సంచి రాయరు. మా వాడికి ప్రతి సోమవారం రక్తం తీసేవారు. రిపోర్టులో సోడియం, పొటాషియం కింద ఫాస్ఫరస్ అని ఒక వరస. దాన్ని ఇప్పుడు యంత్రాలు కొలుస్తాయి, పద్ధతులూ మారాయి. కానీ ఆ వరస కనపడ్డప్పుడల్లా నాకు 1925 నాటి బోస్టన్‌లో సీసాల నీలిరంగు పోల్చి చూస్తున్న భీమవరం మనిషి కనపడేవాడు. మా ఆవిడ "మళ్ళీ మొదలుపెట్టారా మీ సుబ్బారావు గారిని" అనేది.

ఈ చికిత్సని ఆసుపత్రి గోడలు దాటించింది సియాటిల్. కిడ్నీ రోగులకి పదేపదే డయాలిసిస్ చెయ్యడానికి వీలు కల్పించిన బెల్డింగ్ స్క్రిబ్నర్, కృత్రిమ కిడ్నీ ఇంట్లో పెట్టుకోగా లేనిది కృత్రిమ పేగు ఎందుకు పెట్టుకోకూడదు అని 1970 ప్రాంతంలో ఆలోచించాడు. ఆయన దగ్గరి బ్రోవియాక్ 1973లో మెత్తటి సిలికోన్ గొట్టం తయారుచేశాడు. చర్మం కింద కొంత దూరం సొరంగంలా పోయి సిరలో చేరుతుంది కనక సూక్ష్మజీవులు అంత తొందరగా పాకలేవు. మా వాడి ఛాతీ మీద ఉన్నది దాని వారసురాలే. రాత్రంతా పంపు నడుస్తుంది, పగలు విప్పేస్తారు. నడక వచ్చాక వీపుకి చిన్న బ్యాక్‌ప్యాక్, అందులో సంచీ పంపూ. పాకే పిల్లాడి వెనకాల గొట్టం పట్టుకుని నేను కూడా పాకాను.

భయమల్లా జ్వరం. 100.4 డిగ్రీలు దాటితే గొట్టంలో ఇన్‌ఫెక్షన్ అనుకుని వెంటనే ఎమర్జెన్సీకి పరిగెత్తాలి. తలుపు దగ్గర సర్దిన సంచి ఎప్పుడూ ఉండేది. మొదటి రెండేళ్ళలో అయిదుసార్లు వెళ్ళాం. ఒకసారి ఉగాది రాత్రి, తెలుగు సంఘం కార్యక్రమంలోంచి పట్టుచీరతోనే మా ఆవిడ ఐసీయూలో కూర్చుంది. తప్పు ఎవరిదని ఆ రాత్రి ఇద్దరం ఒకరినొకరం అడిగాం. గొట్టం మూతని స్పిరిట్‌తో పదిహేను సెకన్లు తుడవాలి. నేను ఆ సాయంత్రం ఆఫీసు కాల్‌లో ఉండి పది తుడిచానేమో. ఇప్పటికీ తెలియదు.

రెండో గండం కాలేయం. పేగుని వాడకుండా సిరల ద్వారానే నెలల తరబడి పోషిస్తే పిల్లల కాలేయం దెబ్బతింటుంది. కొవ్వు కోసం 1960లలో స్వీడన్‌లో ఆర్విడ్ వ్రెట్లిండ్ సోయానూనెకి కోడిగుడ్డు సొనలోని పదార్థం కలిపి తయారుచేసిన తెల్లటి ద్రావణం గొప్ప మేలు చేసింది, కానీ పసికాలేయాలకి అది ఎక్కువైతే పడదని తరవాత తేలింది. 2000లలో బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో క్యాథ్లీన్ గురా అనే ఫార్మసిస్టు, మార్క్ పుడర్ అనే సర్జన్ దాని బదులు చేపనూనె ద్రావణం వాడి, కామెర్లు వెనక్కి మళ్ళడం చూశారు. మా వాడి కళ్ళు పచ్చబడిన 2012లో అది ఈ దేశంలో మామూలుగా దొరికేది కాదు. ప్రత్యేక అనుమతి మీద తెప్పించాలి. డాక్టర్లు కాగితాలు నింపారు, వారాలు పట్టింది. రెండు మూడు నెలలకి కళ్ళు తెల్లబడ్డాయి. ఎఫ్‌డీఏ దాన్ని 2018లో ఆమోదించింది. కాలేయం కూడా పోయినవాళ్ళకి పేగు మార్పిడి ఉంది, పిట్స్‌బర్గ్‌లో స్టార్జల్ లాంటివాళ్ళు 1980ల చివర్నుంచి నిలబెట్టింది. పేగు పొరని పెంచే ఇంజెక్షన్ 2012 చివర్లో పెద్దలకి వచ్చింది, 2019లో పిల్లలకి. మాకు ఆ రెండింటి అవసరం రాలేదు కనక వాటి గురించి అధికప్రసంగం చెయ్యను.

మాకు పనికొచ్చింది 2003లో బోస్టన్‌లోనే మొదలైన ఒక ఆపరేషన్. ఉబ్బి వెడల్పయిన పొట్టి పేగుని అటోసారి ఇటోసారి సగం దాకా కోసి కుడితే, జిగ్‌జాగ్‌గా సాగి సన్నగా పొడుగ్గా అవుతుంది. కాగితం కత్తిరించి దండ చేసినట్టు. రెండో ఏట మా వాడికి అది చేశారు. దానికితోడు పసిపిల్లల పేగు ఒంటితోబాటు పెరుగుతుంది, వాడేకొద్దీ దాని లోపలి వేళ్ళు పొడుగవుతాయి. వాడాలంటే తిండి తగలాలి. అందుకని పొట్టలోకి నేరుగా పెట్టిన గొట్టం ద్వారా గంటకి రెండు మిల్లీలీటర్లతో మొదలుపెట్టి, మూడు, నాలుగు, విరేచనాలు ఎక్కువైతే మళ్ళీ రెండు. ఈ పని అయిదేళ్ళు పట్టింది.

అన్నప్రాసన సంగతి చెప్పలేదు కదూ. ఎనిమిదో నెల దాటేముందు అమ్మకి నిజం చెప్పాను. అవతల చాలాసేపు మాట లేదు. తరవాత "మరి ఆకలేస్తే ఏడుస్తాడా?" అని అడిగింది. ఆ ప్రశ్న నేను ఏ డాక్టర్నీ అడగలేదు. మర్నాడు థెరపిస్టుని అడిగితే, నోటికి రుచి తగలకపోతే ముందుముందు తిండంటేనే భయపడతారు, వేలికొసతో నాకించండి, పరవాలేదు అంది. పదో నెలలో స్కైపులో పంతులు గారు మంత్రాలు చదువుతుండగా, పంపు ఒకపక్క టిక్కుటిక్కుమంటుండగా, మా ఆవిడ వేలికి పాయసం అద్ది వాడి పెదవికి రాసింది. వాడు మొహం చిట్లించి, నాలుక బయటికి చాపి, మళ్ళీ లోపలికి లాక్కున్నాడు. రాజమండ్రిలో అమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకోవడం స్క్రీను మీద కనిపించింది.

2017 వేసవిలో పంపు తీసేశారు. పేగు చివరిభాగం లేదు కనక నెలకోసారి బి12 ఇంజెక్షన్ మాత్రం జీవితాంతం తప్పదు. సుబ్బారావు గారు కాలేయంలో వెతికిన వస్తువుల్లో అదీ ఒకటి, అది ఆయన పోయిన 1948లోనే వేరేవాళ్ళ చేతికి చిక్కింది.

ఆ మరుసటి ఏడు, ఒక ఆదివారం, వాణ్ణి కారులో ఎక్కించుకుని పెర్ల్ రివర్ వెళ్ళాను. న్యూజెర్సీ సరిహద్దు దాటగానే ఉంటుంది, మా ఇంటినుంచి అరగంట. లెడర్లీ చాలా చేతులు మారి 2009లో ఫైజర్ పరమైంది. చూడ్డానికి ఏమీ లేదు. కంచె, గేటు, ఇటుక భవనాలు, ఖాళీ పార్కింగ్ స్థలం. రోడ్డు పక్కన ఆపి ఇదంతా వాడికి చెప్పాలని మొదలుపెట్టాను. భీమవరం, అన్నయ్య, గ్రహణి దాకా వచ్చాక వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ, "నాన్నా, ఆకలేస్తోంది" అన్నాడు.

దగ్గర్లో పిజ్జా కొట్టు కనపడింది. ఒకటిన్నర ముక్క తిన్నాడు. అక్కణ్ణుంచే అమ్మకి ఫోన్ చేసి చెప్పాను.

"అన్నం కాదుట్రా?" అంది.